జర్మనీ అమ్మోరు

ఆ ఏడు కార్తీకం మొదట్లో మా ఆయన తన భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టారు. పెళ్లయిన ఇన్నేళ్లలో దాన్ని తుడవడానికి కూడా నన్ను ముట్టుకోనిచ్చినవారు కాదు.

"ఇక మీదట నువ్వు చూసి చెప్పు. నేను వింటాను" అన్నారు.

విశాఖలో కంటి డాక్టరు అంతకు ముందు వారమే తేల్చి చెప్పాడు. కంటి వెనక పొర చెడిపోయిందట. చుట్టుపక్కల కనిపిస్తుంది కానీ, ఎటు చూస్తే అటు నడిమధ్యన మసక. గుమ్మం తెలుస్తుంది, గోడ తెలుస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం తెలియదు. అక్షరం అసలే తెలియదు. తిరిగి వస్తూ రైల్లో ఆయన నా మొహంకేసి కాక నా చెవికేసి చూస్తూ కూర్చున్నారు. అలా పక్కకి చూస్తే నా మొహం కాస్త అందుతోందని చెప్పారు. నేను కిటికీవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. సొరంగం వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఆయన పేరు లక్ష్మీప్రసాద్. ఈ కొండ రైలుమార్గంలోనే నౌకరీ చేశారు. రిటైరయ్యాక కిందికి దిగబుద్ధి కాక అరకులోనే అద్దె ఇంట్లో ఉండిపోయారు. ఆయనతోపాటు నేనూ, మా అత్తగారు అసిరమ్మా. ఆయనకి చుట్ట లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా స్టాంపుల పిచ్చి. అందులోనూ ఒకేరకం స్టాంపులు: ఒక దేశం స్టాంపు మీద ఇంకో దేశం పేరు నల్లగా గుద్ది ఉండేవి.

పొద్దున్నే అరుగు మీద ఎండ పడే వేళకి ఆల్బం తెరిచేవాళ్లం. ముందు వాకిట్లో చిట్టెమ్మ కాఫీ పళ్లు ఆరబోసి ఉండేది. వాళ్ల ఊరు మా ఇంటికి పైన, గట్టు మీద. అక్కడ మట్టి నేల. మా వాకిలి సిమెంటుది కాబట్టి ఏటా పంట రోజుల్లో అది ఆమెదే. మా అత్తగారు చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తిపట్టుకుని, పళ్లలో పాదాలు ఈడ్చుకుంటూ అటూ ఇటూ నడిచి వాటిని తిరగేసేవారు. ఎవరూ చెయ్యమన్న పని కాదు. ఆవిడకి అదో సరదా.

"అయితే బాబూ, ఆల దేశంలోన ఈల పోస్టాపీసు ఏటి?" అని ఒకరోజు చిట్టెమ్మ అడిగింది.

"బలమున్నవాడి రాజ్యం చిట్టెమ్మా. చైనాలో జర్మనీవాడు, టర్కీలో ఇంగ్లీషువాడు పోయి తమ పోస్టాఫీసులు పెట్టుకున్నారు. సొంత స్టాంపులే తెచ్చి, వాటి మీద అక్కడి పేరు గుద్ది అమ్మేవారు."

"అదా! మా ఊరి మొదట్లోని రాయి మీద రిసార్టోళ్లు ఆల పేరు రాసేరు సూడు, అలగన్నమాట. అడుగున మా ఊరి పేరు ఇంకా అవుపిస్తాది."

"అవుపిస్తే ఏటి లాభమే" అన్నారు మా అత్తగారు పళ్లు తిరగేస్తూ. "ఆటో ఆగేది పైపేరుకే కదా."

మా ఆయన గట్టిగా నవ్వారు. కంటి డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు.

నేను చదివింది పదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. అయినా ఆయన ఓపిగ్గా నేర్పారు. చేత్తో ముట్టుకోకూడదు, చిన్న పట్టకారుతో అంచు పట్టి తియ్యాలి. తడి తగలనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ఒక సూత్రం చెప్పారు.

"పేరు ముందు, తేదీ ముద్ర తర్వాత. పేరు గుద్దాకే కదా స్టాంపు అమ్ముతారు? అమ్మాకే ఉత్తరానికి అంటిస్తారు, అప్పుడు తేదీ ముద్ర పడుతుంది. అందుకని తేదీ ముద్ర గీత పేరు మీంచి పోవాలి. అలా కాక పేరే దాని మీంచి పోయిందనుకో, వాడేసిన మామూలు స్టాంపు మీద ఎవడో ఇంట్లో కూర్చుని గుద్దాడన్నమాట. దొంగది."

ముగ్గు మీద నడిచిన పాదమో, పాదం మీద వేసిన ముగ్గో పొద్దున్నే వాకిలి చూసి చెప్పలేనా? నాకు సులువుగానే పట్టుబడింది. ఒక్కొక్కటే చూసి, "తేదీ పైన ఉందండీ" అంటే, ఆయన "ఊఁ" అని తల పంకించేవారు.

అలా ఆయన ప్రాణంలా చూసుకునే స్టాంపు దగ్గరికి వచ్చాం.

నీలం రంగు. కిరీటం పెట్టుకున్న ఆడమనిషి, ఛాతీకి కవచం, చేతిలో కత్తి పిడి. జర్మనీ దేశాన్ని అలా స్త్రీగా వేసుకున్నారట. ఆమె మీద ఏటవాలుగా 'చైనా' అన్న ఇంగ్లీషు అక్షరాలు. టియన్‌సిన్ అనే ఊళ్లో, ఎప్పుడో యుద్ధం రోజుల్లో, పేరు గుద్దిన స్టాంపులు అయిపోతే అక్కడి ఉద్యోగులు రబ్బరు ముద్రతో చేత్తో వేశారట. నిజమైనవి బహు అరుదు, దొంగవి కొల్లలు.

దాన్ని ఇచ్చింది గణపతిరావు గారు. పార్వతీపురంలో మందుల షాపు ఆయనది. మా ఆయనకి ఈడువాడు, స్టాంపుల్లో మాత్రం గురువు. ఒకసారి ఆయన కొడుకు పాచిపెంట దగ్గర ఘాట్‌లో మోటారుసైకిల్ మీంచి పడి, బతుకుతాడో లేదో అన్నట్టు ఆస్పత్రిలో ఉన్నాడు. మా ఆయన సెలవు పెట్టి ఆ మంచం పక్కనే కూర్చున్నారు. పిల్లాడు లేచి నడిచిన రోజున గణపతిరావు గారు తన ఆల్బంలోంచి ఈ స్టాంపు తీసి, "నీకు ఇవ్వదగ్గది నా దగ్గర ఇదొక్కటేరా" అని చేతిలో పెట్టారు.

ఇప్పుడు సంక్రాంతి వెళ్లాక విశాఖలో స్టాంపుల ప్రదర్శన. మా ఆయన ఆల్బం పెట్టడానికి ఒప్పుకున్నారు. అయితే ఇలాంటి అరుదైన దానికి, అసలుదేనని జర్మనీలో పరీక్ష చేసేవాళ్ల సర్టిఫికెట్ కావాలన్నారట.

"పౌర్ణమికి గణపతిగాడు మనింటికి వ్రతానికొస్తాడు కదా. వాడి చేతికే ఇచ్చి విశాఖ పంపుతాను. అక్కడి సంఘంవాళ్లు అన్నీ కలిపి జర్మనీకి పంపుతారు. ప్రదర్శనలో దీని కింద వాడి పేరు రాయించాలి. నేను చూడలేకపోయినా, చూసినవాళ్లు చదువుతారు."

"ఒకవేళ... కాదంటేనో?"

"కాదంటే వెనకాల దొంగదని ముద్ర గుద్ది మరీ పంపిస్తారు. దీనికెందుకా మాట? చూడు, చూసి ఎలా ఉందో చెప్పు."

చూశాను. తేదీ ముద్ర గుండ్రటి గీత బూడిద రంగులోకి దిగిపోయింది. పేరు మాత్రం చిక్కటి నలుపు. మొదటి అక్షరం తోక ఆ గీత మీంచి, ఎక్కడా తెగకుండా, నిగనిగలాడుతూ పోయింది. కాంతి పడలేదేమో అని పక్కకి జరిగి చూశాను. భూతద్దం తుడుచుకుని చూశాను. పేరే పైన ఉంది.

"ఎలా ఉంది ఉమా?"

"మొహం కళగా ఉందండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆమె మొహం కళగానే ఉంది.

ఆ తర్వాత ఏ పని చేస్తున్నా అదే ఆలోచన. సూత్రం నాకు నేర్పిన మనిషి, ఇన్నేళ్లూ తన స్టాంపులో దాన్ని ఎలా చూడలేదు? బహుశా చూడాలనే అనుకోలేదేమో. గురువు చెవిలో చెప్పిన మంత్రాన్ని అచ్చుపుస్తకం తెచ్చి ఎవరు సరిచూసుకుంటారు?

గణపతిరావు గారు పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం దిగారు. గేటు తీస్తూనే మా ఆయన కేకేశారు.

"ఏరా గణపతీ, చచ్చావా, బతికావా?"

"చావుకి మీ కొండెక్కే ఓపిక లేదురా. కిందే ఉండిపోయింది" అన్నారు ఆయన. వచ్చి మా ఆయన్ని గట్టిగా పట్టుకున్నారు. వదిలి, ఆ చూపు తన మొహం మీద నిలవక పక్కకి జారడం చూసి, అరుగు మీద కూలబడ్డారు.

అన్నానికి కూర్చుంటే సగంలో లేచిపోయారు. రాత్రికి ఆకలి లేదన్నారు. ఆయన బాగా తినే మనిషని నాకు తెలుసు. మా అత్తగారు ఊరుకోలేదు.

"ఏటి గణపతీ, నా కోడలి వంటకి వంకెట్టేవా?"

"లేదమ్మా, ఘాట్ రోడ్డు తిప్పేసింది."

నేను వంటింట్లో ఉంటే మంచినీళ్లకని వచ్చారు. నిలబడ్డారు కానీ చెంబు అందుకోలేదు. నేనే ధైర్యం చేశాను.

"అన్నయ్య గారూ, ఆ స్టాంపు... ఇప్పుడు పంపకపోతేనేం?"

"నేనూ అదే అంటున్నా చెల్లెమ్మా. అంత దూరం. దారిలో ఎక్కడైనా పోతే? మనకి తెలియదా అది ఏమిటో, ఎవడో చెప్పాలా? వాడు వినడం లేదు."

"మీరు చెబితే వింటారు."

"ఏమని చెప్పను?" అన్నారు. నా మొహంలోకి ఒక్కసారి చూసి, చెంబు తీసుకుని వెళ్లిపోయారు.

నాకు తెలిసింది ఆయనకి తెలుసా? ఆయనకి తెలిసింది నాకు తెలుసని తెలుసా? ఇద్దరం అక్కడితో ఆగిపోయాం.

మర్నాడు పీట వేసి, మండపం కట్టి, కలశం పెట్టాను. పంతులుగారు ఇంకా రాలేదు. మా ఆయన స్నానం చేసి, గోడ పట్టుకుంటూ వచ్చి, పటాల పక్కన ఇత్తడి పళ్లెంలో స్టాంపు పెట్టారు. ప్రయాణానికి ముందు స్వామి దగ్గర ఉంచాలట.

"కవరులోంచి తీసేశారేమండీ?"

"కవరులో పెట్టి దేవుడికి చూపిస్తామా?" అన్నారు.

నేను ప్రసాదం కలియబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. రవ్వ అడుగంటుతోంది. అది దింపి, అరటిపళ్లు కలిపి వచ్చేసరికి పంతులుగారు ఆచమనం చేయిస్తున్నారు. నేను మా ఆయన పక్కన కూర్చున్నాను. మండపం అడ్డమై పళ్లెం నాకు కనిపించలేదు. ఐదు కథలూ విన్నాను. పడవలో ఉన్నవి ఆకులూ అలములూ అని బొంకిన షావుకారు కథ వచ్చినప్పుడు ఏటా చెయ్యి జోడిస్తాను. ఈసారి నా మనసు ఊరుకోలేదు. అబద్ధం చెప్పినవాడికి ఏమైందో కథలో ఉంది. తెలిసి కూడా చెప్పనివాడి సంగతి ఏ అధ్యాయంలోనూ లేదు. స్వామీ, వాళ్లనెందుకు వదిలేశావు?

హారతి అయ్యాక గణపతిరావు గారు పళ్లెం దగ్గరికి వంగారు. వంగినవారు అలాగే ఉండిపోయారు.

నీలం స్టాంపు మీద, కిరీటం కింద, నుదుటన ఇంత గంధం, దాని మీద ఎర్రగా కుంకుమ బొట్టు. గంధం తడికి కుంకుమ కరిగి, కవచం దాకా ధార కట్టింది.

"ఇదెవరు..." అన్నాను.

"నేనే ఎట్టేను" అన్నారు మా అత్తగారు వెనకనుంచి. "అన్ని పటాలకీ ఎట్టుకుంటూ వచ్చేను. అమ్మోరు బోసిగా ఉన్నాది. కిరీటం ఉన్నాది, కత్తి ఉన్నాది. నుదుటన బొట్టు నేదు. పండగపూట అమ్మోరిని అలగ వగ్గెత్తామా?"

"ఏమైంది? ఏమైంది ఉమా?" మా ఆయన తల ఇటూ అటూ తిప్పుతున్నారు, ఎవరి మొహమైనా అందుతుందేమో అని.

చెప్పాను. గణపతిరావు గారు కండువా చివర పంచపాత్రలో ముంచి, "తుడిస్తే పోతుందేమో" అంటూ స్టాంపు మీద రుద్దారు. తడి తగలకూడదని మా ఆయనకి నేర్పింది ఆయనే. రెండు రుద్దుళ్లకి పేరేదో, ముద్రేదో, మొహమేదో తెలియకుండా అంతా ఎర్రటి మరక అయిపోయింది.

"ఇక పంపలేం రా" అన్నారు. "పోనీలే. దేవుడు వద్దన్నాడనుకో."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో నాకు వినిపించింది. ఊపిరి వదిలి, గోడకి జారబడి కూర్చున్నారు. ప్రసాదం పెడితే తిన్నారు. తిని, ఆకు నా వైపు జరిపి, "ఇంకొంచెం పెట్టు చెల్లెమ్మా, కమ్మగా ఉంది" అన్నారు. నేను గరిటె పట్టుకుని ఆయన మొహంలోకి చూశాను. ముందురోజు లేని రక్తం ఆ మొహంలోకి వచ్చింది. మా ఆయన ఎదురుగానే కూర్చున్నారు. ఆయనకి అది కనిపించదు.

ఇక నా చిక్కు తీరిందనే అనుకున్నాను. నేను చెప్పకుండానే, ఆయన మనసు విరగకుండానే దేవుడు దారి చూపించాడని దణ్ణం పెట్టుకున్నాను. అలా పెట్టుకోవచ్చా అని మనసు ఒకపక్క అడుగుతూనే ఉంది.

కానీ అత్తగారు మంచానికి అంటుకుపోయారు. మా ఆయన ఒక్క మాట అని ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా, ఎండలో ఆల్బం లేని ఖాళీ ఒడితో కూర్చునేవారు. ఆవిడ అది చూసి గోడవైపు తిరిగి పడుకునేవారు. పటాలకి బొట్టు పెట్టమంటే, "నా సెయ్యి మంచిది కాదే. నువ్వే ఎట్టు" అనేవారు. అన్నం కెలికి వదిలేసేవారు. వాకిట్లో కాఫీ పళ్లు తిరగేసేవాళ్లు లేరు. మార్గశిరం వచ్చింది. వలిసె పూలు లోయంతా పచ్చగా పరుచుకున్నాయి. వాటిలో నిలబడి ఫొటోలు తీయించుకోవడానికి కార్ల మీద కార్లు వస్తున్నాయి. మా ఇంట్లో మాత్రం ముగ్గురం మూడు గదుల మనుషుల్లా ఉన్నాం.

"పెద్దమ్మ కాలెట్టకపోతే మా కాఫీ ఎండనంటంది" అని చిట్టెమ్మ కిటికీలోంచి పిలిచింది. "బేగి లెగు పెద్దమ్మా. బూజట్టిందంటే సొసైటీవోళ్లు తీసుకోరు. తప్పు నీ మీదికే వస్తాది."

ఎప్పుడూ అయితే ఆ మాటకి ఆవిడ పదిమాటలు తిరిగిచ్చేవారు. ఆ రోజు, "అవును గుంటా. తప్పులన్నీ నాయే" అన్నారు. చిట్టెమ్మ నా వైపు చూసింది. దాని నవ్వు పోయింది.

ఇక ఆగలేక ఆవిడ మంచం మీద కూర్చున్నాను.

"అత్తా, ఆ స్టాంపు దొంగది. నేను ముందే చూశాను. నువ్వు పాడుచేసింది ఏమీ లేదు."

ఆవిడ నా మొహం నిమిరారు. "ముసిల్దాన్ని ఊరుకోబెట్టడానికి ఎంత మాట కల్పించేవే ఉమా. నువ్వు మంచిదానివి."

"నిజం అత్తా. స్వామి మీద ఒట్టు."

"ఒట్టెట్టకు. నా కోసం పాపం మూటకట్టుకోకు."

నేను బయటికొచ్చేశాను. నిజం చెబితే కూడా నమ్మని చోటికి వచ్చామని తెలిసింది. ఆవిడ నమ్మేది ఒక్క కొడుకు నోటినే.

ఆయన అరుగు మీద ఉన్నారు. పక్కన కూర్చుని, పేరు పైన ఉందనీ, తేదీ ముద్ర కింద ఉందనీ చెప్పాను. మొదటి అక్షరం తోక దాకా చెప్పాను.

"ఎప్పుడు చూశావు?"

"మీరు చూడమన్న రోజునే."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇలా కూర్చుంటారని. చెప్పకపోయినా ఇలాగే కూర్చున్నారు."

వాకిట్లో చిట్టెమ్మ ఒక్కతే పళ్లు తిరగేస్తోంది. ఆ చప్పుడు వింటూ ఆయన అడిగారు.

"గణపతికి తెలుసా?"

ఇచ్చిన నాడే తెలుసో, ఇచ్చేశాక తెలిసి చెప్పడానికి నోరు రాలేదో, నాకు మాత్రం ఏం తెలుసు? కొడుకు ప్రాణం దక్కిన సంతోషంలో మనిషి చేతికి ఏది తగిలితే అది ఇచ్చేస్తాడు. ఆ రోజున ఆయన కూడా నిజమనే నమ్మి ఇచ్చారేమో. నాకు తెలిసినంతే చెప్పాను.

"ముందురోజు అన్నం సగంలో వదిలేశారు. బొట్టు చూశాక ప్రసాదం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు."

ఆయన తల దించుకున్నారు. తర్వాత లేచి, గోడ పట్టుకుంటూ అమ్మ గదిలోకి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"అమ్మా, అది దొంగ స్టాంపే. నేనూ ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. పీడా పోయింది. లే, అన్నం తిను. నువ్వు తినకపోతే నాకు కంచం కనబడినా ముద్ద దిగడం లేదు."

"నిజమా పెసాదూ?"

"నీ మీద ఒట్టు."

ఎప్పట్నుంచో అనుకోలేదు. ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. స్వామికీ తెలుసు. దానికి ఏ పడవ మునగాలో మునగనీ అనుకున్నాను.

ఆవిడ లేచారు. సాయంత్రం పటాలకి బొట్లు పెట్టారు. మర్నాడు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వాకిట్లోకి దిగి, చిట్టెమ్మని, "ఇవేటే, ఇలగ ఒకేపక్క ఎండబెట్టేవు? నాను నేకపోతే మీకు పనే తెల్దు" అని తిట్టారు.

ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాక ఎప్పుడూ వచ్చే వేళకి గణపతిరావు గారి ఫోను వచ్చింది. పౌర్ణమి తర్వాత ప్రతి ఆదివారమూ నేనే ఎత్తి, పడుకున్నారని చెబుతున్నాను. ఈసారి మా ఆయన చెయ్యి చాపారు. నేను మీట నొక్కి ఇచ్చాను. అవతల నుంచి గొంతు బయటికే వినిపించింది.

"ఒరే ప్రసాదూ! నీతో మాట్లాడి ఎన్నాళ్లయిందిరా?"

మా ఆయన ఫోను కాస్త సర్దుకున్నారు.

"గణపతిరావు గారూ, నమస్కారం. ఇంట్లో అందరూ బాగున్నారా?"

తెగిపోయిందేమో అని నేను ఫోను వైపు చూశాను. తెగలేదు.

"బాగున్నామండీ" అన్నారు ఆయన.